పదో పేరు

క్లబ్బు గోడకు గొప్ప వికెట్ కీపర్ల జాబితా రాస్తున్నాడు పాత బౌలర్. ఒకప్పుడు అతని బంతులు పట్టిన కీపర్ వచ్చి, వంకర తిరిగిన వేళ్ళతో ఆ కాగితం లాక్కున్నాడు.

“పది మందన్నావు, తొమ్మిది పేర్లే ఉన్నాయేంరా?”

“ఆ రోజు సెలెక్టర్ల ముందు, నా బంతికి అంపైర్ వేలెత్తాక కూడా, క్యాచ్ కాదని ఎందుకు చెప్పావు?”

“బంతి ముందు నేలకి తగిలింది.”

“ఎవడు చూశాడు?”

“నా చేతులకి తెలియదా?”

“పెద్ద హరిశ్చంద్రుడివి బయల్దేరావు! ఆ ఒక్క వికెట్ పడుంటే దేశానికి ఆడేవాణ్ణి. నోటికాడి కూడు లాగేశావు.”

“ముప్పై ఏళ్ళయింది. పోనీ, ఆ పదో పేరేదో రాసెయ్.”

“ఎంత ఆలోచించినా నువ్వు తప్ప ఎవడూ తట్టట్లేదు. అందుకే ఖాళీగా వదిలేశా.”