పచ్చ మఖమలు చెయ్యి

గౌను లేకుండా గౌను చెయ్యి ఒక్కటే పెట్టెలో దాచుకునే మనిషిని ఎక్కడైనా చూశారా, పిల్లలూ? చూడలేదు కదూ. మరి నన్నడక్కుండా నా పెట్టె ఎందుకు తెరిచారు?

సరే, తీసింది తీశారు. అలా లాగకు నేరీనా, పాత మఖమలు, పిగిలిపోతుంది. ఇలా నా ఒళ్ళో పెట్టు. బాతుని వేణ్ణీళ్ళలో ముంచి, సగం ఈకలు పీకి వచ్చాను. అది చల్లారేలోపు చెప్పేస్తాను. కూర్చోండి.

మార్సీలియా, నువ్వు ముందుకు రా. వచ్చే ఆదివారం కోటలో కొలువుకి వెళ్ళేది నువ్వు. చెల్లెలు వినకపోయినా ఫరవాలేదు, నువ్వు వినాలి.

ముందు దీని సంగతి. పెద్దింటి ఆడవాళ్ళ గౌనుకి చేతులు కలిపి కుట్టరు. విడిగా ఉంటాయి, భుజం దగ్గర నాడాలతో కడతారు. నువ్వూ కడతావు కొలువులో చేరాక. దొరసాని విడిచిన బట్ట, ఆమె దగ్గర పనిచేసే మనిషికి చెందుతుంది. అది వాడుక, జీతంలో భాగమన్నమాట. గుర్తుపెట్టుకో, చివర్లో అడుగుతాను.

నేను ఆ కోటలో పంతులమ్మనని మీకు తెలుసు. ఎవరికి పంతులమ్మనో ఎప్పుడూ చెప్పలేదు. డ్యూక్‌గారి భార్య, దొన్న ఎర్సీలియాకి. పద్నాలుగేళ్ళకి పెళ్ళి చేసుకుని వచ్చింది. నీ ఈడే. చదవడం వచ్చు, రాయడం రాదు. నోరు మాత్రం వసపిట్ట. ఒకటడిగితే నాలుగు చెప్పేది.

దొరగారికి అప్పటికే నలభై. ఒకసారి ఆయన డేగ ఒకటి, వదిలిన పిట్టని కాకుండా ఇంకో పిట్టని పట్టుకొచ్చింది. ఆ డేగ మెడ రెండు వేళ్ళతో విరిచేసి, ఆ చేత్తోనే రొట్టె తుంచుకు తిన్నాడు. అదీ మనిషి.

పెళ్ళయిన నెలకి, బల్ల దగ్గర, పులుసు ఎలా ఉందని అడిగాడు ఆమెని. బాగుంది అంటే సరిపోయేది. "బాగుంది కానీ, మా నాన్నగారింట్లో ఇంత ఉప్పు వెయ్యరండీ" అంది. గరిటె తిరగేసి మూతి మీద కొట్టాడు. పన్ను ఊడి పళ్ళెంలో పడితే టంగుమంది. విందుకొచ్చిన వాళ్ళంతా పులుసు తాగుతూనే ఉన్నారు.

ఆ మర్నాడే నేనొక నియమం పెట్టాను. అడిగినదానికే జవాబు చెప్పాలి, ఒక్క మాట ఎక్కువ వద్దు. చెప్పాక నావంక చూడాలి. సరిగ్గా చెబితే నేను తల ఊపుతాను. పిల్ల బతకాలనే పెట్టాను ఆ నియమం. బాగా నేర్చుకుంది కూడా. మూడేళ్ళపాటు మళ్ళీ దెబ్బ పడలేదు.

ఇక ఈ మరక. ఇది నెత్తురు కాదు, నేరీనా, సిరా. రాత నేర్చుకుంటూ బుడ్డి ఒలకబోసుకుంది. పెళ్ళినాడు కట్టుకున్న జతలోది ఇది. చూడు, వెండి జరీతో కుట్టిన దానిమ్మలు ఇంకా కనిపిస్తున్నాయి. అయ్యో అని నేనంటే తనే నవ్వింది. "సిరా అంటించింది మీ చదువే కదా పంతులమ్మా, ఇక మీరే కట్టుకోండి" అని జతంతా నాకిచ్చేసింది. గదిలో ఇద్దరమే ఉన్నాం. ఆ మాట మూడో మనిషి వినలేదు.

కోట గుర్రాలని మచ్చిక చేసే బాల్దో అని ఒకతను ఉండేవాడు. నవ్వకండి. మీ తాతయ్యకంటే ముందు సంగతి. నాకు ఇరవై ఆరేళ్ళు, ఎవరూ చేసుకోరనుకున్న పంతులమ్మని.

ఊరి పండగనాడు కోట ముందున్న చౌకులో గుర్రపుపందెం జరిగేది. కుర్రాళ్ళు తాము మనసుపడ్డ పిల్ల ఇచ్చిన గుడ్డ చేతికి కట్టుకుని తోలేవాళ్ళు. ఏ రుమాలో, తలగుడ్డో ఇస్తారు అందరూ. నేనూ ఇవ్వచ్చు. ఇవ్వలేదు. ఈ జతలో మరక లేని చెయ్యి ఇచ్చాను. ఎందుకంటే ఊరంతా చూడాలి. బాల్దోకి ఎవరో ఘనమైన గుడ్డే ఇచ్చారు అనుకోవాలి. అంత తెలివితక్కువ పంతులమ్మ ఇంకెక్కడైనా ఉంటుందా?

దొన్న ఎర్సీలియాకి ఆ రోజు జ్వరం. ఇద్దరం పైగది కిటికీలోంచి చూస్తున్నాం. బాల్దో గెలిచాడు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ, ఆ గుడ్డ కట్టిన చెయ్యి ఎత్తి ఊపాడు.

బహుమానం ఇవ్వడానికి దొరగారు మెట్లు దిగాడు. ఆ పచ్చ మఖమలు పట్టుకుని చూశాడు. వేలితో ఒక దానిమ్మని తడిమాడు. ఏమీ అడగలేదు. పక్క భటుడి చేతిలోంచి పందిబల్లెం తీసుకుని బాల్దో గొంతు కింద దింపాడు. గుర్రం బెదిరింది. కాలు రికాబులో ఇరుక్కున్న మనిషిని ఈడ్చుకుంటూ చౌకు చుట్టూ పరిగెత్తింది. అవతలి వైపు జనానికి సంగతి తెలియదు. వాళ్ళు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

గుర్రం ఆగాక దొరగారు శవం మీంచి ఆ మఖమలు చెయ్యి ఊడబీక్కుని కోటలోకి నడిచాడు.

ఎర్సీలియా నన్ను చూసింది. "పంతులమ్మా, రెండోది మీ పెట్టెలో ఉందిగా. మరక చూపించి చెప్పెయ్యండి, మీదేనని." నా పెట్టె ఆ గదిలోనే, మంచం కింద ఉంది. తాళంచెవి నా నడుముకే ఉంది. మెట్లు యాభై పైన. ఆయన ఎక్కివచ్చేలోపు పెట్టె తెరవచ్చు, మూయచ్చు, మళ్ళీ తెరవచ్చు.

నేను తాళంచెవి పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాను.

ఆయన వచ్చాడు. మోచేతుల దాకా నెత్తురు. "పెళ్ళినాడు నీకు నేను కుట్టించిన చెయ్యి ఇదేనా?" అన్నాడు.

"అదే" అంది.

అడిగినదానికే జవాబు. ఒక్క మాట ఎక్కువ లేదు. మిగతాది నేను చెప్పాల్సింది కదా మరి.

భుజానికి కట్టే ఆ నాడానే ఆమె మెడకి చుట్టాడు. పదిహేడేళ్ళ పిల్ల, అంత తొందరగా చావదు. ఆయన బుగ్గ మీద గోళ్ళతో చారలు గీసింది. నేల మీద కాళ్ళు కొట్టుకుంటుంటే ఒక కాలిజోడు ఊడి నా పాదాల దగ్గరికొచ్చి పడింది. ఇదిగో, నా అరచేతిలో ఈ గాటు, ఆనాటి తాళంచెవిది. కూరలు తరుగుతూ కోసుకున్నానని చెప్పేదాన్ని మీకు.

జ్వరంతో పోయిందన్నారు. వాళ్ళ నాన్నగారికి ఆ ఉత్తరం నేనే రాశాను. నా దస్తూరీ బాగుంటుంది కదా.

మీ అమ్మకి మాత్రం నేనప్పుడు గదిలో లేనని చెప్పాను. చౌకులో ఉన్నానని. మీ తాతయ్య కూడా అదే నమ్మి పోయాడు.

ఇప్పుడు చెప్పు మార్సీలియా. దొరసాని విడిచిన బట్ట ఎవరిది? ఊఁ. అంతేనా? అంతే కాదు. నలుగురి ముందు అడిగి తీసుకున్నప్పుడే నీది. నేనిన్నాళ్ళూ నీకూ నేర్పిన ఆ నియమం ఇక్కడ వదిలేసి వెళ్ళు. అడిగినా చెప్పు, అడక్కపోయినా చెప్పు. పన్ను పోతే పోతుంది.

భయం వేసిందా అంటావా? వేసింది. నోరు పెగల్లేదనే అనుకున్నారు కదూ మీరు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకుందామని చూశాను.

"అదే" అన్నాక, అలవాటు చొప్పున ఆమె నావంక చూసింది. ఆయనా నావంకే చూశాడు.

నేను తల ఊపాను. పాఠం సరిగ్గా ఒప్పచెప్పినప్పుడు ఊపినట్టే.

ఏడవకు నేరీనా, పచ్చ రంగు తడికి అంటుతుంది. ఈ చెయ్యి పెట్టెలో పెడతారో, పొయ్యిలో పెడతారో మీ ఇష్టం. నన్ను లేవనివ్వండి. బాతు చల్లారితే ఈక ఊడదు, తోలు ఊడొస్తుంది.