కిందికి నొక్కే రెక్క

బాన్సువాడ నుంచి బీర్కూర్ పోయే దారి. పొద్దున్నే గుడిలో పూజ చేయించిన కారు, దాని వెనక కొత్తగా బిగించిన రెక్క. స్టీరింగు దగ్గర వైశాలి, పక్క సీట్లో తల్లి భాగ్యవతి, ఆమె ఒళ్లో పుట్టింటికని కొన్న కొత్త చాట.

“బిడ్డా, గిది ఎగిరిపోతే?”

“ఇంక బండి స్టార్టే జెయ్యలే అమ్మా!”

“చాలు జేసినంక అడిగితే ఏం లాభం? రెక్క ఉన్నదేదైనా ఎగురుతది. కోడి సుత గోడెక్కుతది.”

“ఇది ఎగిరే రెక్క కాదు. కిందికి నొక్కే రెక్క.”

“నొక్కే రెక్కనా? ఏ పిట్టకున్నదే గసోంటిది?”

“పిట్టకెందుకు? కారుకు కావాలె. తేజ్‌గ పోతుంటే ఎనుక టైర్లకు పట్టు తప్పుతది. గాలి రెక్క మీద పడి బండిని రోడ్డుకు అదుముతది. మలుపుల జారది. నేను గీసిచ్చిన, సాయిబాబన్న వెల్డింగు జేసిండు. ఇగ బెల్టు పెట్టుకో.”

“పెట్టుకున్న. నీ బెల్టు సుత పట్టుకున్న.”

“ఇడువే! గేరెట్ల ఏస్త?”

“మెల్లగ... మెల్లగ పోనియ్యే...”

“బాపు ఏమన్నడు? మీ అమ్మ ఊ అంటేనే ఆదివారం హైదరాబాద్ల కార్ల పోటీకి పో అన్నడు. నువ్వు కండ్లు మూసుకుంటే ఎట్ల ఊ అంటవ్?”

“మూసుకోలే, మొక్కుతున్న. అయ్యో బర్రె! బర్రె!”

“బర్రె పొలంల ఉందమ్మా.”

“దానికి రోడ్డు మీదికి రావాల్ననిపిస్తే?”

“నవ్వియ్యకు, ఎనభై దాటింది.”

“వామ్మో, కడుపుల చక్కిలిగింత పెడ్తుంది! నాకెందుకే నవ్వొస్తుంది? ఆపు... ఆపకు! ఆపు!”

“ఆపాల్నా, ఆపొద్దా? ...ఏందో, ఎనుక తేలిగ్గ అనిపిస్తుంది. నొక్కాలె గదా. దండలు గాలికి అడ్డమేమో ఏందో. రెక్క కనవడకుండ బంతిపూలు చుట్టినవ్.”

“దిష్టి తగలదని చుట్టిన. తియ్యకు.”

“సరే తియ్య. నీకు నమ్మకమేగా కావాలె? స్లో చేస్తున్న. చాట కిటికీల నుంచి బయట పెట్టు. రెండు చేతులతోని గట్టిగ పట్టు. లోతు మీదికి, ముంగటి అంచు జర కిందికి.”

“గిట్లనా? ...అవ్వో! కిందికి గుంజుతుంది! ఎవలో కూసున్నట్టే ఉందే!”

“చూసినవా? ఇప్పుడు బోర్లియ్యి.”

“బోర్లిస్తే... ఓ ఓ ఓ! మీదికి లేస్తుంది! నన్ను సుత లేపుతుంది! పట్టుకోయే!”

“నేను స్టీరింగు పట్టాల్నా, నిన్ను పట్టాల్నా? లోపలికి గుంజుకో!”

“వడ్లు చెరిగి చెరిగి చేతులు అరిగినయి గాని, చాటకు గింత బలముందని ఎర్కలేదే!”

“గంతే అమ్మా, ఇందుల ఇంకేం లేదు. లోతు మీదికుంటే నొక్కుతది, బోర్లేస్తే లేపుతది. నా రెక్క లోతు మీదికే ఉంటది. ఇగ చెప్పు, ఆదివారం పోనా?”

“లోతు మీదికుంటే నొక్కుతది... బోర్లేస్తే లేపుతది...”

“అవునమ్మా. ఊ అను. ముంగట రోడ్డు ఖాళీగుంది, వంద కొట్టి చూపెడ్త.”

“వద్దు, వద్దు! వంద కొట్టకు!”

“గిప్పటిదాంక పకపక నవ్వినవ్, ఏమాయె? చాటను గట్ల తిప్పి తిప్పి చూస్తవేంది?”

“వైశాలీ... బండి పక్కకు ఆపు బిడ్డా. గా లోతుల వాననీళ్లు నిలిచి తుప్పు పడ్తదని, సాయిబాబ వద్దన్నా ఇనకుండ, పొద్దుగాల్నే రెక్కను బోర్ల తిప్పిచ్చిన.”