రేసుల నాది తప్పు కాదు

ఏందీ, నేను చెప్పాల్నా తప్పు నాదని? ఆ రాజేశ్వర్ రావు సారు చాయ తాగి అటు పోయిండో లేదో, ఇటు నువ్వు మొదలువెట్టినవ్. "ఒక్క మాటే గద సుగుణా, అనేస్తె అయిపోతది." ఏం అయిపోతది? పెండ్లాం పేరు పోయినా నీకు ఫికర్ లేదా?

ఆ త్రాసు జర పక్కకు వెట్టి నా దిక్కు చూడు తేజస్వి నాయినా. గిరాకి కాసేపు ఆగుతది. కొబ్బరికాయలు, కర్పూరం ఏడికి పోవు.

ఆయన రేసు కమిటీ ప్రెసిడెంటాయె, తియ్యగనే చెప్తాండు. "అమ్మా, బ్రేకనుకొని ఎక్సలేటర్ తొక్కిన్నని పోలీసోళ్ల ముందట అనుండ్రి. డ్రైవర్ తప్పంటె వచ్చే ఏడు మళ్ల పర్మిషన్ ఇస్తరు. చూడవచ్చినోడెవడో రోడ్డు మీదికొచ్చిండని తెలిస్తె ఇగ రేసు లేనట్టే." అంటే రేసు బతకాల్నంటె నా పేరు చావాలె. గంతే గదా?

నాకు వద్దా రేసు? నాకంటె ఎక్కువ ఎవలకు కావాలె చెప్పు! హసన్‌పర్తి అవుతల ఇంకా బండ్లు విడువని కొత్త రోడ్డు. అటో మలుపు, ఇటో మలుపు. అందరియి ఒక్కతీరు ఆల్టోలే. కంపెనీల నుంచి ఎట్లొచ్చినయో అట్లనే తోలాలె, ఇంజను మీద చెయ్యి వెట్టద్దని రూలు. కారుది గాదు, తోలేటోళ్ల చెయ్యిదే గొప్ప. అసొంటి రేసు రెండేండ్లకే ఆగిపాయె!

మొదటి ఏడు నన్ను చూసి నవ్విండ్రు. "గిది కొబ్బరికాయలు మోసే ఆల్టో గదా" అని. అవ్, అదే! వర్ధన్నపేట తొవ్వల బర్లు, ట్రాక్టర్లు, రోడ్డు మీద ఆరబోసిన మక్కలు, అన్నిట్ల నడుమ నుంచి తోలిన చెయ్యి ఇది. అందరికంటె ఆఖర్న వచ్చిన. ఏడుసుకుంట ఇంట్ల కూసున్ననా? రెండో ఏడు మళ్ల పోయిన.

రెండో ఏడు ముందట ఎవలున్నరు? నేను! మైకుల నా పేరే. జనం లేచి నిలవడి ఈలలు. ఎనుకొచ్చే పోరగాండ్లు అద్దంల చిన్నగ కనవడుతాండ్రు. అబ్బ, నా పానం ఎంత సంబురపడ్డదో నీకెట్ల చెప్పాలె!

గప్పుడొచ్చింది మూడు తొవ్వలు కలిసే మలుపు. పోయిన సుట్టుకు పొడిగున్న రోడ్డు, ఈ సుట్టుకు ఎర్రగ, జిగటగ! టైరు జారింది. స్టీరింగ్ తిప్పుతాన, కారు ఇంటలేదు. పోయి పత్తి చేన్ల పడ్డ. ఎనుకొచ్చినోళ్లు ఒకల మీద ఒకలు. నా చెయ్యిరిగింది గని, దేవుని దయ, ఎవల పానాల మీదికి రాలే. దవాఖానకు పోకముందే అందరి నోట ఒక్కటే మాట. "ఆడిది తోలితె గిట్లనే ఉంటది."

ఏంది, తల దించుకున్నవ్? నేనింకా చెప్పనే లేదు.

గుమ్మడికాయ. నడిరోడ్డు మీద కుంకుమ వోసిన గుమ్మడికాయ పలిగున్నది. దిష్టి తీసి మూడు తొవ్వల కాడ కొడ్తం, మన దిక్కు అందరు చేసేదే. గని కార్లు రేసుకు ఉరుకుతాంటె కొడ్తరా ఎవలన్న? ముందటున్నదానికి దిష్టి తాకద్దని కొట్టిండ్రు. ముందటున్నది నేను. అందరికంటె ముందుగాల దాని మీదికి పోయింది గూడ నేనే!

ఎవలు కొట్టిండ్రో కమిటీకి తెల్వదు. నాకు తెలుసు.

నన్ను చేన్లకెళ్లి లేపుతాంటె చూసిన. గుమ్మడికాయ ఉట్టి ఆడనే పడున్నది. కొత్తవాడల జంపఖానాలు నేసే నూలు, ఎరుపు నీలం కలిపి అల్లింది. హన్మకొండ బజార్ల గా నూలు తెచ్చి ఉట్లు అల్లేటోడు నువ్వు గాక ఇంకెవడన్న ఉన్నడా? "రేసుకు నేను రాను, దుకాణంల ఉంట" అంటివి. పక్క దుకాణం సుభాషిణి చెప్పింది, ఆ పొద్దంత మన షట్టరు దించే ఉన్నదంట.

ఆ ఉట్టి నేనే తీసి జేబుల కుక్కుకున్న. నిన్ను తీస్కపోయి టేషన్ల నిలవెడ్తనా?

నా కోపం గుమ్మడికాయ మీద గాదయ్యా. ఇన్నేండ్ల సంది కారు తోలుతాన. ఒక్కనాడన్న "మంచిగ తోలుతానవే" అన్నవా? "జర పైలం" అనుడు తప్ప! గంత మురిపెం కడుపుల వెట్టుకున్నోనివి నా మొకం మీద అనరాదా? అందరిట్ల నిలవడి నువ్వు గూడ ఒక ఈల కొట్టరాదా? దొంగ లెక్క వచ్చి కొట్టిపోతివి. ఇప్పుడు నన్నే తప్పు ఒప్పుకోమంటానవ్.

కండ్లు తుడుసుకో. గిరాకోళ్లు చూస్తాండ్రు.

రేపు సారు వస్తడు. ఎక్సలేటర్ తొక్కిన్నని నేను అన. రోడ్డు మీద గుమ్మడికాయ ఉన్నదనే చెప్త. రేసు పోతదా? పోనీ! నాకు కడుపుల మండుతది గని, పోనీ. నీ పేరు మాత్రం నా నోట్లకెళ్లి రాదు.

ఎవలు కొట్టిండ్రమ్మా అని అడుగుతరు గదా? నన్ను చూసి మురిసినోడు ఒకడున్నడు సారూ, వాడే కొట్టిండని చెప్త. ఇగ ఎట్ల రాసుకుంటరో రాసుకోనీ.