ఊరికే ఇచ్చింది

తిరుపతి శివార్లలో చిన్న చర్చి. శనివారం పొద్దున. పూలమ్మే మునిరత్నమ్మ చేతిలోని చీపురు ఇప్పుడు పాస్టరు బాలచంద్ర చేతిలో ఉంది. ఉత్త చేతులతో ఏం చేయాలో ఆమెకు తోచడం లేదు.

“చీపురు ఇయ్యండి అయ్యగారూ. సగమే ఊడ్చినాను.”

“ఇయ్యను. ముందు చెప్పు, రేపు ఆరాధనలో సాక్ష్యం చెప్తావా లేదా?”

“మెట్ల కాడ ఆకులు అట్నే ఉండాయి.”

“ఉండనీ. మూడు వారాల నుంచి ఇదే మాట. లేచి నిలబడి, నా బిడ్డను ప్రభువు బతికించినాడు అనేదానికి ఇంత కష్టమా?”

“నలుగురిలో మాట్లాడేది నాకు రాదు.”

“బజారంతా వినబడేట్టు పూలమ్ముతావే.”

“అది వేరే. పూలయితే చేతిలో ఉంటాయి.”

“సూడు మునిరత్నమ్మా. నీ కొడుకు వంశీ జ్వరంతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేనొచ్చి ప్రార్థన చేసినాను. బిడ్డ లేచినాడు. నువ్వు బాప్తిస్మం తీసుకున్నావు. అయిపోయింది. ఇంక ఊడ్చి, తుడిచి, ఉపవాసాలుండి దేవుణ్ణి మెప్పించాల్సిన పనిలేదు. మనం చేసే పనులు చూసి కాదు, మన విశ్వాసం చూసి ఆయన మనల్ని నీతిమంతులుగా ఎంచుతాడు. ఊరికే.”

“ఊరికేనా?”

“ఊరికే.”

“ఊరికే ఇచ్చినోళ్లు ఊరికే తీసేసుకుంటే, ఏం చూపించి అడగాల అయ్యగారూ?”

“తీసుకోడు.”

“మీకు తెలుసు.”

“నీకు తెలీదా?”

“మెట్ల కాడ ఆకులు...”

“ఆకులు వదిలెయ్. ఆ మోకాళ్లకేమైంది? కుంటతా ఉండావు. ప్రార్థనలో అంతసేపు మోకరించొద్దని చెప్పినానా లేదా?”

“ప్రార్థనలో కాదు.”

“మరి?”

“మోకాళ్ల పర్వతం కాడ. పోయిన శనివారం. మోకాళ్ల మీదనే ఎక్కినాను.”

“తిరుమల కొండకు పోయినావా?”

“ఆ పొద్దు ఆస్పత్రిలో రెండు మొక్కులు మొక్కినాను. బిడ్డ లేస్తే మోకాళ్లతో కొండెక్కుతానని ఒకటి. మీ నీళ్లలో మునుగుతానని ఒకటి. రెండూ తీర్చినాను. ఎవురు బతికించినారో నాకు తెలీదు. రేపు ఒకరి పేరు చెప్తే, ఇంకొకరికి కోపమొచ్చి బిడ్డకేమన్నా అయితే?”

“అంటే... బాప్తిస్మం కూడా మొక్కేనా? నమ్మి కాదా?”

“నమ్మాలనే సూసినానయ్యగారూ. పొద్దూ మాపూ సూసినాను. రాలేదు. నమ్మకమొకటే చాలంటా ఉండారే మీరు, నా కాడ లేనిది అదొకటే. ఊడ్చేదయితే చేతనవుతాది. చీపురు ఇయ్యండి.”