గిల్వాన్ చెయ్యి ఊపాడు

బ్రెజిల్ ఈశాన్య తీరంలో ఒక ఊరు, 1983. యుద్ధకాలంలో ఆ తీరాన్ని కాపలా కాసిన విమానదళం చరిత్ర రాస్తున్న అల్దెనోర, పాత పైలట్ వాల్ఫ్రిదో ఇంటికొచ్చింది. నలభయ్యేళ్ళ కింద సముద్రంలో పోయిన గిల్వాన్ ఆమెకి అన్న.

“అది కొట్టెయ్యకు తల్లీ. చెప్పింది చెప్పినట్టు రాయి.”

“‘నేను వదిలేసి వచ్చేశాను’ అనా? అలా రాయను వాల్ఫ్రిదో అన్నా.”

“ఎందుకు రాయవు? వదిలేసే వచ్చాను.”

“ముందు కాఫీ తాగండి, చల్లారిపోతోంది.”

“కాఫీ ఎక్కడికీ పోదులే. మా దళంలో ఒకటే కట్టుబాటు. రెండేసి విమానాలు కలిసెళ్ళాలి. ఒకటి పడితే, పడవ వచ్చేదాకా రెండోది ఆ పైనే చక్కర్లు కొట్టాలి. మీ అన్న పడ్డాడు. నేనేం చేశాను?”

“గంటంబావు తిరిగారు.”

“తిరిగి?”

“పెట్రోలు అయిపోవచ్చింది.”

“ఇంకో పది నిమిషాలకుంది. ఎవరికీ చెప్పలేదు. భయమేసింది, వచ్చేశాను.”

“ఎవరికైనా వేస్తుంది.”

“వాడు విరిగిన రెక్క పట్టుకుని చెయ్యి ఊపుతూనే ఉన్నాడమ్మా. ఇప్పటికీ కళ్ళు మూస్తే ఆ చెయ్యే. సముద్రం కనపడకుండా మూడిళ్ళు మారాను. అదీ నా వెంటే మారింది.”

“పోనీ ఆ ముక్క వదిలేద్దాం. పుస్తకంలో లేకపోతే ఎవరికేం—”

“నాకు కావాలి. నేస్తాన్ని విడవని వీరుడని ఏటా సెప్టెంబరు ఏడున, స్వాతంత్ర్య దినం నాడు, బడిపిల్లలచేత పూలిప్పిస్తారు. సిగ్గుతో చస్తున్నాను. ఒక్కసారి నిజం రాయి, హాయిగా పోతాను.”

“వద్దన్నా.”

“మీ అమ్మకి చెబుదామని ఎన్నిసార్లొచ్చానో. ఆవిడ కొబ్బరిపాలతో చేపలు వండి పెట్టి, ఏమీ అడక్కుండా పంపేసేది.”

“అమ్మకి తెలుసు.”

“ఏం తెలుసు?”

“ఏం లేదు.”

“అల్దెనోరా.”

“తెప్ప మీద చేపలు పట్టే కొస్మె... అన్నని ఒడ్డుకి తెచ్చినాయన. ఆయనే చెప్పాడు. బయటికి పొక్కకూడదని అమ్మ ఒట్టేయించుకుంది. ముఖ్యంగా మీకు తెలియకూడదని.”

“వదిలేశానని నన్ను తిట్టుకుంటూ పోయాడా వాడు?”

“లేదు.”

“మరి?”

“కొస్మె తెప్ప మొదట్నించీ దగ్గర్లోనే ఉందట. మీకు కనబడలేదా?”

“నా కళ్ళు వాడి మీదే ఉన్నాయి.”

“అన్నకి కనబడింది. చెయ్యి ఊపింది రమ్మని కాదు. పొమ్మని.”

“పొమ్మనా?”

“మీరుంటే తెప్ప రాదు. మీరటు వెళ్ళగానే కొస్మె తెరచాప తిప్పాడు. చేరేసరికి అన్నకి ఊపిరుంది, పొమ్మని ఊపిన సంగతి తనే చెప్పాడట. కాలు తెగి నెత్తురంతా పోయింది. ఓ అరగంట ముందొస్తే దక్కేవాడన్నాడు.”

“నేనుంటే తెప్ప ఎందుకు రాదు?”

“ఎవరో చెప్పారట వాళ్ళకి. విమానం ఒకే చోట తిరుగుతుంటే కింద జర్మన్ల జలాంతర్గామి ఉన్నట్టని, ఆ దరిదాపులకి రావొద్దని.”

“ఎవరో కాదమ్మా. రేవు రేవుకీ తిరిగి ఆ మాట చెప్పింది నేనే.”