అరవై ఏళ్ల కొత్తబ్బాయి

అధ్యక్షత వహిస్తున్న మేనేజరు గారికి, ముందు వరసలోని పెద్దలకు, తలుపు దగ్గర నిలబడే వింటున్న గాజు ఫ్యాక్టరీ మిత్రులకు, ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మా కొత్తబ్బాయికి నమస్కారం.

అరవై ఏళ్ల మనిషి కొత్తబ్బాయేమిటని అతిథులు నవ్వుకుంటున్నారు. (నవ్వులు) నవ్వండి, మేమూ ఇరవై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నాం. వేలితో తడిమి సీసా అచ్చులో వెంట్రుకవాసి తేడా పట్టుకునే ఈయన, పదహారేళ్లు చేసిన ఫ్యాక్టరీ మూతపడితే గోడౌనులో మూటలు మోసి, ఆనక ఇక్కడికి వచ్చినప్పుడు ఆఫీసువాళ్లు అడిగింది ఒకే ప్రశ్న: "ఇప్పుడెంత వస్తోంది?" ఈ మహానుభావుడు నిజం చెప్పాడు! గోడౌను జీతం మీద కాస్త వేసి, కార్డు మీద 'కొత్త' అని రాసి, హెల్పరుగా పెట్టుకున్నారు. ఆ పేరూ పోలేదు, జీతంలో పడిన ఆ తేడా పూడనూ లేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్న నేను ఆయనకన్నా ఎక్కువ తీసుకున్నాను. "పోనీలేరా, నీ పిల్లలు చిన్నవాళ్లు కదా" అనేవాడు. సిగ్గుపడ్డానా? లేదు, భయపడ్డాను.

ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుందనే పెద్దమనుషులారా, దొరుకుతుంది, కాదనను. కానీ పోయిన ఉద్యోగం ఒక్కసారితో పోదు, ఆ తర్వాత వచ్చే ప్రతి జీతంలోనూ కొంత పోతూనే ఉంటుంది. ఇది ఆయన చేతకానితనమా? ఆ వేళ్లు అవే కదా!

మేనేజరు గారూ, గడియారం చూడకండి, అయిపోవచ్చింది. మా విభాగంలో పదకొండు మందికి మీరిచ్చిన కాగితం నా జేబులోనూ ఉంది. 'స్వచ్ఛందంగా తప్పుకుంటున్నాను' అట. సాయంత్రంలోగా సంతకం పెట్టాలి. నాకు నలభై ఎనిమిది. పొద్దున గడ్డం గీసుకుంటూ, 'ఇప్పుడెంత వస్తోంది?' అంటే ఏం చెప్పాలో పైకే అనుకుంటున్నాను. "ఎవరితో మాట్లాడుతున్నావు?" అంది మా ఆవిడ. గబగబా మొహం కడుక్కున్నాను. కోపంగా అరుస్తున్నాను గానీ అయ్యా, లోపలంతా భయమే.

ఇందాక ఈయన్నే అడిగాను, సంతకం పెట్టనా అన్నా అని. "వాళ్లే తీసేస్తే తియ్యనీ. నీ చేత్తో మాత్రం రాసివ్వకు. ఆ పాత ఫ్యాక్టరీ మూసేముందు నేను రాసిచ్చాను. 'నువ్వే వదిలేశావుగా' అన్నారందరూ, చివరికి మీ వదిన కూడా" అన్నాడు.

ఇదిగో మీ కాగితం, బల్ల మీద పెడుతున్నాను. సంతకం లేదు. తలుపు దగ్గరి మిత్రులారా, మిగతా పదీ మీ జేబుల్లో ఉన్నాయి. ఎవరైనా... (ఎవరూ ముందుకు రారు)

సరే. ఓపికగా విన్నందుకు కృతజ్ఞతలు. అన్నా, నువ్వు హాయిగా ఇంటికి వెళ్లు. నేను రేపు ఆరింటి షిఫ్టుకు వస్తాను. గేటు తీస్తారో లేదో తెలియదు. సెలవు.