పార మీది రొట్టె

గోపాల్‌పేటల పొద్దు బారెడెక్కింది. బుచ్చన్న పెండ్లాం భీమమ్మ చుట్టూ గానుగెద్దు లెక్క తిరుగుతుండు. ఆమె పిండిడబ్బా ముట్టలే.

“కర్ణాటక చక్కెర ఫ్యాక్టరీల ఆ చిన్న రైలింజన్ను నడిపిన మొగోణ్ణి నేనే! రేపు దాన్ని గేటు కాడ గద్దె మీద నిలవెడుతుండ్రట. పోవద్దానే?”

“పో. నేను పట్కున్ననా?”

“నాలుగు రొట్టెలు చేసియ్యమంటున్న, గంతే.”

“నేను చేస్తే నీ గొంతు దిగుతదా? నలభై ఏండ్ల సంది ఒకటే పాట. ‘ఇంజన్ల బొగ్గుపార మీద కాలిన రొట్టె... గా రుచి మల్ల దొరకలే.’ పోయి ఆ నల్లదాన్నే అడుగు, కాల్చిస్తది.”

“ఇనుమును జూసి కుళ్లుకుంటరానే ఎవరన్న?”

“ఎందుకు కుళ్లుకోను? పెండ్లయిన కొత్తల నన్ను ఇడిసిపెట్టి ఆరేండ్లు దాని పక్కన పండుకుంటివి. చలికాలం దాని కడుపు ఎచ్చగుంటదని నువ్వే చెప్తివి!”

“ఎచ్చగనే ఉంటుండె. ఎంత బుజ్జిగుంటుండె అనుకున్నవ్! నీళ్లటాంకి ఈపు మీదనే మోస్తుండె. గోదాముల నడుమ మలుపు ఎంత ఇరుకంటే, తిరిగేటప్పుడు దాని మూతి దాని తోకకే తాకుతుండె. నేను కూతవెట్టిస్తే...”

“రాయచూరుల కుక్కలు మొరుగుతుండె. ఇన్న, ఇన్న. రొట్టెలు ఎవరికి?”

“డ్రైవర్ సామ్యూల్ సారుకు. అయిజ నుంచి ఫోన్ చేసిండు. ఎనభై దాటినయి పాపం. ‘వస్త గని బుచ్చన్నా, నీ పార రొట్టె తేవాలె’ అన్నడు.”

“డ్రైవర్ ఆయనైతే నువ్వెవరయ్యా?”

“నేను... జర బొగ్గేస్తుంటి.”

“నడిపిన మొగోడు!”

“బొగ్గెయ్యకుంటే నడుస్తదా? మలుపు కాడ దిగి, ఎర్రజెండ వట్కొని దానికి తొవ్వ జూపిచ్చింది ఎవరు?”

“సరె. పార నీదే, రొట్టె నీదే. చేస్కపో.”

“నాకు రాదే.”

“మరి ఆనాడెట్ల వచ్చె? నువ్వులు గూడ అద్ది ఉంటుండె అంటివి. బొగ్గు కాడ నువ్వులెక్కడియి? ఎవరద్దిర్రు? ఏ ఆడిది?”

“ఊకో భీమమ్మా.”

“చెప్పకుంటే పిండి ముట్ట.”

“నువ్వే.”

“ఏందీ?”

“మూట కట్టి పంపుతుంటివి గద, ఎండు సజ్జరొట్టెలు. పార మీద ఎచ్చ జేస్తుంటి, గంతే. సామ్యూల్ సారు ఒక్క తునక తిని కండ్లు మూసుకున్నడు. ‘ఎవరు చేసిర్రు బుచ్చన్నా, ఆ చేతికి బంగారు కడెం తొడగాలె’ అన్నడు. నా కడుపుల నిప్పు వడ్డది. ‘నేనే చేసిన, పార మీద’ అన్న.”

“నాకెందుకు చెప్పకపోతివి?”

“చెప్తే ఆయనకు గూడ మూట కడుదువు.”

“ఒక్కనాడన్న నా రొట్టె బాగుందనలే నువ్వు.”

“దినాం అన్న కదనే! పార కాల్చిందన్నది అబద్ధం. రుచి అబద్ధమా?”

భీమమ్మ కొంగుతోని కండ్లొత్తుకున్నది.

“ఏమే, ఏడుస్తున్నవా?”

“పొగ.”

“పొయ్యే ముట్టియ్యలే, పొగేడిది?”

“ముట్టియ్యి మరి. ఆ పిండిడబ్బా ఇటియ్యి. నా మంచి చీర తియ్యి. నేను గూడ వస్త. కడెం సంగతేందో ఆ సారునే అడుగుత.”

“వద్దే, వద్దు! కడెం ముచ్చట నేను కల్పించిందే! ఆయన ఉత్తగ ‘బాగుంది’ అన్నడంతే!”